సంతకం పెట్టని పన్నెండు మంది

మండపాక భాస్కరం మాట్లాడుతున్నాడంటే పంపుల కర్మాగారంలో పాతవాళ్లు కూడా ఏదో పని వంక పెట్టుకుని శిక్షణ హాలు గుమ్మం దగ్గరికి చేరేవారు. ఏటా జూలైలో కొత్త ఇంజినీర్లు చేరిన రోజున చీఫ్ ఇంజినీరు హోదాలో ఆయన గంటసేపు మాట్లాడేవాడు. పుస్తకాల్లో లేని సంగతులే చెప్పేవాడు. హెల్మెట్ తళతళలాడుతుంటే వర్కుషాపులో ఎవరూ మీ మాట లెక్కచేయరు కాబట్టి మొదటిరోజే దాన్ని నేలమీద రెండుసార్లు దొర్లించమనేవాడు. ఎవరి మీదైనా కోపం వస్తే మెయిల్ పొడుగ్గా రాసి, వెళ్లి భోజనం చేసి వచ్చి, మళ్లీ చదువుకుని, ఎవరికీ పంపకుండా ఊరుకోమనేవాడు. క్యాంటీన్ అప్పన్నతో స్నేహం చేసుకోండి, బదిలీ ఉత్తర్వులు ఎం.డి. గారి బల్ల మీదికి చేరకముందే అతనికి తెలిసిపోతాయి అనేవాడు. మీటింగుల్లో ముందు వరసలో కూర్చోమనేవాడు. నిద్ర ఆగుతుందని కాదు, పట్టుబడితే ఆ తర్వాత రెండేళ్లపాటు ఎవరూ మీటింగులకు పిలవరని.

చివరగా తన కథ చెప్పేవాడు. అందరూ ఎదురుచూసేది దానికోసమే. తను చేరిన నాలుగో నెలలో, ఇరవై మూడేళ్ల వయసులో, టెస్టు షాపులో పెద్ద పంపు నడుస్తుంటే స్క్రూడ్రైవర్ మొన ఇరుసు తిరిగే బేరింగు మీద పెట్టి, పిడి చెవికి ఆనించి విన్నాడట. లోపల ఎవరో పళ్లు కొరుకుతున్నట్టు చప్పుడు. ఫిట్టరు ఒకాయన బేరింగుకు నూనె వెళ్లే కుళాయి తెరవడం మరచిపోయి తాపీగా టీకి వెళ్లాడట. ఆ ఫిట్టరు నడకా, గ్లాసు ఊదుకుంటూ తాగే తీరూ భాస్కరం నటించి చూపిస్తుంటే హాలంతా పొట్ట పట్టుకునేది. తను పరుగెత్తి ఎర్ర బటను నొక్కకపోతే ఆ పంపు గాజువాక దాటి ఎగిరి సముద్రంలో పడేదని ముగించేవాడు. చెవులు పెట్టుకుని పని చెయ్యండి, అదే నా సలహా అనేవాడు.

ఈ ఏడు ఆ కథ నోటితో చెప్పనక్కర్లేకపోయింది.

కర్మాగారం పై అంతస్తులోని ప్రయోగశాలలో డాక్టర్ నస్రీన్ నాలుగేళ్లు కష్టపడి ఒక పట్టీ తయారుచేసింది. నుదుటి చుట్టూ కట్టుకునే పల్చటి పట్టీ. అనుభవం ఉన్న మనిషి దాన్ని కట్టుకుని ఒక సంఘటన గుర్తుచేసుకుంటే, ఆ సమయంలో అతని ఒంట్లో కదిలినదంతా అది రాసుకుంటుంది. కొత్త మనిషి పదకొండు నిమిషాలు కట్టుకుంటే అది అతనిదైపోతుంది. మాటలు రావు. చేతిలో బరువు వస్తుంది, చెవిలో చప్పుడు వస్తుంది, గుండెలో ఉలికిపాటు వస్తుంది. పనితనం ఉన్నవాళ్లు రిటైరై వెళ్లిపోతున్నకొద్దీ వాళ్ల చెవీ చెయ్యీ కూడా వాళ్లతోనే గేటు దాటిపోతున్నాయని యాజమాన్యం దిగులు. అందుకని మొట్టమొదట ఎవరి జ్ఞాపకం ఎక్కించాలన్న ప్రశ్న వచ్చినప్పుడు ఎవరూ ఆలోచించలేదు. జూన్‌లో ఒక ఉదయం భాస్కరం పట్టీ కట్టుకుని, అలవాటైన కథే అలవాటైన విరుపులతో పైకి చెప్పాడు. మీటర్లు చూస్తూ నస్రీన్ కూడా నవ్వు ఆపుకోలేకపోయింది.

జూలైలో పన్నెండు మంది కొత్తవాళ్లు చేరారు. సలహాలకు పడీపడీ నవ్వారు. తర్వాత పట్టీలు కట్టుకుని కళ్లు మూసుకున్నారు. భాస్కరం చేతులు కట్టుకుని, నవ్వు ఎక్కడ వస్తుందా అని వాళ్ల ముఖాలు చూస్తూ నిలబడ్డాడు. ఆరో నిమిషంలో ఒకడు ముందుకు వంగిపోయాడు. ముందు వరసలో ఉన్న బలగ నీరజ అనే అమ్మాయి కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ చున్నీకి తుడుచుకోవడం మొదలుపెట్టింది. తుడిచిందే తుడుస్తోంది. పదకొండు నిమిషాలు అయ్యాక అందరూ పట్టీలు విప్పారు. ఎవరూ నవ్వలేదు. ఎవరూ ఆయన వంక చూడలేదు. పొద్దున సెల్ఫీ అడిగిన కుర్రాడు గోడవారగా నడుచుకుంటూ బయటికి వెళ్లిపోయాడు.

తలనొప్పేమో, మొదటిసారి కదా అంది నస్రీన్. భాస్కరం అవునన్నాడు. కానీ ఆయనకు తెలిసిపోయింది. ముప్పై ఒక్క ఏళ్లుగా ఒంట్లో ఒక మూల తాళం వేసి ఉంచుకున్నది పన్నెండు ముఖాల మీద ఒక్కసారిగా కనబడితే గుర్తుపట్టకుండా ఎలా ఉంటాడు? నోరు చెప్పిన కథను పట్టీ రాసుకోలేదు. నోరు ఆ కథ చెబుతున్నంతసేపూ ఒళ్లు మరొకటి గుర్తుచేసుకుంటోంది. పట్టీ దాన్ని రాసుకుంది.

మర్నాడు పరీక్ష పెట్టారు. ఏడు మోటార్లు నడిపి, వాటిలో ఒకదానికి మాత్రం అరిగిన బేరింగు వేసి, ఏదో కనిపెట్టమన్నారు. మామూలుగా ఎనిమిదేళ్ల అనుభవం ఉంటే గాని పట్టుబడని తేడా అది. పన్నెండు మందీ స్క్రూడ్రైవర్ చెవికి ఆనించి, ఒక్కొక్కరే, ఐదో మోటారు ముందు ఆగిపోయారు. ఒక్కరు కూడా తప్పలేదు. ఎం.డి. గారు చప్పట్లు కొట్టి, వచ్చే నెల బయటి కంపెనీలవాళ్లను పిలిచి చూపిద్దామన్నారు.

ఆ సాయంత్రం నస్రీన్ భాస్కరాన్ని ప్రయోగశాలకు పిలిచి పన్నెండు పరీక్ష కాగితాలు బల్ల మీద పరిచింది. జవాబులన్నీ సరిగ్గానే ఉన్నాయి. అడుగున సంతకం ఉండాల్సిన చోట అన్నీ ఖాళీ.

మరచిపోయారేమోనని అడిగాడు భాస్కరం. తనూ అలాగే అనుకుని అందరినీ పిలిపించానంది నస్రీన్. పెన్ను చేతికిస్తే పట్టుకున్నారట, కాగితం మీద పెట్టేసరికి చెయ్యి సాగడం లేదట. ఎందుకో వాళ్లూ చెప్పలేకపోయారట.

ఆమె తెర మీద ఒక గీత చూపించింది. చప్పుడు విన్నచోట చిన్న ఎత్తు. ఆ తర్వాత చాలాసేపటికి, కథలో ఏమీ లేనిచోట, కొండంత ఎత్తు. భయం అయితే ఈ ఆకారం ఉండదని, ఈ ఆకారం తను చాలామందిలో చూశానని అంది. అది సిగ్గు. దాన్ని తుడిచేసి చూశానని కూడా చెప్పింది. మధ్యాహ్నం నలుగురు పాత ట్రైనీలకు ఆ ఎత్తు తీసేసిన జ్ఞాపకం ఎక్కించి మోటార్ల ముందు నిలబెట్టిందట. ముగ్గురు తప్పు చెప్పారు, ఒకడు ఊహించి చెప్పాడు.

"రెండూ ఒకే దారంతో అల్లుకుని ఉన్నాయి సర్. సిగ్గు లాగేస్తే చెవి కూడా వచ్చేస్తోంది. మీకా చప్పుడు ఇన్నేళ్లు గుర్తుండిపోయిందే దానివల్ల. అసలేం జరిగింది సర్?"

భాస్కరం నీళ్ల సీసా అందుకున్నాడు. ఇప్పుడు గుర్తులేదన్నాడు. నస్రీన్ మరి అడగలేదు. ఆమె అడగకపోవడం అడగడం కన్నా కష్టంగా ఉంది ఆయనకు.

ఇంటికి వెళ్లేసరికి మురళీనగర్‌లో ఆయన వాకిట్లో చెప్పులు కనబడ్డాయి. భార్య కమల చెల్లెలు, ఆవిడ కూతురూ స్వీటు పొట్లంతో వచ్చారు. ఆ పిల్లకు ఇంజినీరుగా ఉద్యోగం వచ్చింది, సోమవారం చేరుతుందట. పెద్దనాన్న సలహాలు వినిపించమని కమల కుర్చీ లాగి వేసింది. హెల్మెట్ సంగతీ మెయిల్ సంగతీ చెప్పాడు. పిల్ల నవ్వింది. పంపు కథ చెప్పండన్నారు. గొంతు బాగోలేదన్నాడు.

అయితే నేను చెప్తాలే అంది కమల. పాతికేళ్లుగా విన్నది కదా, ఒక్క విరుపు కూడా పోకుండా చెప్పింది. లేచి నిలబడి ఫిట్టరు నడక నడిచింది. గ్లాసు ఊదుకుంటూ టీ తాగింది. పిల్లా తల్లీ ఒకరిమీద ఒకరు పడి నవ్వారు. ఆ కథ మరొకరి నోటి నుంచి వినడం భాస్కరానికి అదే మొదటిసారి. తను చేసిన పని తన ఇంట్లో, తను కట్టుకున్న మనిషి చేత, ఏ పాపమూ తెలియకుండా మళ్లీ జరుగుతోంది. చేతులు కడుక్కొస్తానని లేచి పెరట్లోకి వెళ్లి, కుళాయి తిప్పి, నవ్వులు ఆగేదాకా అక్కడే నిలబడ్డాడు.

వారం గడిచింది. పన్నెండు మందిలో ఎవరూ దేనిమీదా సంతకం పెట్టలేదు. హాజరు పుస్తకంలో కూడా పొడి అక్షరాలతో పేరు రాసి వెళ్తున్నారు. ఒకడు భోజనం మానేశాడని, ఇంకొకడు చేయని తప్పుకు క్షమాపణ చెబుతూ తిరుగుతున్నాడని కబురు వచ్చింది. ఎం.డి. గారు మాత్రం ఇదంతా కొత్తలో బెరుకని కొట్టిపారేశారు.

శుక్రవారం మధ్యాహ్నం నీరజ ఆయన గదికి వచ్చింది. పలాస దగ్గర పల్లెటూరి పిల్ల. ఇంట్లో ఇంజినీరు చదివిన మొదటి మనిషి. రాజీనామా కాగితం తెచ్చింది. దాని మీదా సంతకం లేదు.

కూర్చోమంటే కూర్చోలేదు. చూపు నేలమీద పెట్టి, వేళ్లు చున్నీకి తుడుచుకుంటూ చెప్పుకుపోయింది. తనేదో ఘోరం చేశానని అనిపిస్తోందట. ఏం చేసిందో ఎంత తలచుకున్నా తెలియడం లేదట. అమ్మ ఫోన్ చేస్తే ముఖం చూపించలేక వీడియో ఆపేసి మాట్లాడుతోందట.

"ఎవరో నా భుజం మీద చెయ్యేసి, ఆపీండి బాబూ అంటారు సర్. నేను ఆపను. తర్వాత ఇంకేదో చేస్తాను, ఒక పెన్నుతో. ఆ మనిషి ఎవరు సర్? నేనేం చేశాను ఆయన్ని?"

ఆ పిల్ల ప్రతిసారీ 'నేను' అంటోంది. భాస్కరం నేరం తన నెత్తిన పెట్టుకుని, ఆయన ఎదురుగానే నిలబడి, నేనేం చేశానని ఆయన్నే అడుగుతోంది. లేచి తలుపు వేసి వచ్చాడు.

"నువ్వు ఏమీ చెయ్యలేదమ్మా. చేసింది నేను."

ముప్పై ఒక్క ఏళ్లలో మొదటిసారి జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆ ఉదయం నూనె గొట్టం మీది మీటరు కారుతుంటే బిగించడానికి కుళాయి కట్టేసింది తనే. బిగించాక తెరవడం మరచిపోయిందీ తనే. చప్పుడు ముందు విన్నది ఫిట్టరు. కర్రి సూరప్పడు అతని పేరు. స్క్రూడ్రైవర్ చెవి దగ్గర పెట్టుకుని విని, భాస్కరం చెవికీ ఆనించి వినిపించి, భుజం తట్టి ఆపమన్నాడు. పదకొండింటికి జనరల్ మేనేజరు వస్తాడు, అంకెలు సగమే రాశాను, ఇంకో పది నిమిషాలు నడవనీ అన్నాడు తను. నాలుగో నిమిషంలో బేరింగు పట్టేసింది. తను కొయ్యబారిపోయి నిలబడితే సూరప్పడే పరుగెత్తి బటను నొక్కాడు. మూత పగిలి కాగుతున్న నూనె అతని ఎడమచేతి మీద పడింది. రెండు రోజుల తర్వాత విచారణ కమిటీ కుళాయి కట్టిందెవరని అడిగింది. సూరప్పడు ఆసుపత్రిలో ఉన్నాడు. కాగితం తన ముందుకు వచ్చింది. ఫిట్టరు అని రాసి సంతకం పెట్టాడు. నెలన్నర తిరగకుండా సూరప్పణ్ని ఉద్యోగంలోంచి తీసేశారు.

 నీరజ వేళ్లు తుడుచుకోవడం ఆపింది. తర్వాత అడిగింది.

"ఆయన ఇప్పుడెక్కడున్నారు సర్?"

తెలియదమ్మా అన్నాడు భాస్కరం. ప్రతి జూలైలో అతని నడక నడిచి నవ్వించాడు గాని, బతికున్నాడో లేడో ఒక్కసారి కూడా వాకబు చేయలేదు. ఆ మాట ఆ పిల్లతో చెప్పాల్సి రావడం, నేరం ఒప్పుకోవడం కన్నా హీనంగా తోచింది.

మూడు రోజులు వెతికితే దొరికాడు. పాత యూనియన్ మనిషి ఒకాయన చోడవరం పేరు చెప్పాడు. సోమవారం సెలవు పెట్టి, కారు వదిలేసి బస్సెక్కాడు. ఎందుకో కారులో వెళ్లి దిగడానికి మొహం చెల్లలేదు.

రోడ్డువార రేకుల ఇల్లు. ముందు గదిలో కుట్టు మిషన్ ముందు నలభై ఏళ్ల మనిషి జాకెట్టు కుడుతోంది. అరుగు మీద డెబ్బై దాటిన ముసలాయన టేబుల్ ఫ్యాను విప్పుకుని కూర్చున్నాడు. ఎడమచేతి చర్మం మణికట్టు దాకా ముడుచుకుపోయి ఉంది. భాస్కరం పేరు చెప్పకముందే తలెత్తి చూశాడు.

"మీరా బాబూ" అన్నాడు. మళ్లీ ఫ్యాను వైపు చూపు తిప్పుకున్నాడు.

భాస్కరం నిలబడే చెప్పాడు. బస్సులో కూర్చుకున్న మాటలు ఏవీ రాలేదు. తప్పు చేశానన్నాడు, క్షమించమన్నాడు. సూరప్పడు ఫ్యాను మరలు ఒక్కొక్కటే మూతలో వేసుకుంటూ చివరిదాకా విన్నాడు.

"నాకెందుకు సెప్పడం. ఆ దినం ఏటయిందో నాకు తెల్దా? కుళాయి ఎవలు కట్టారో, బటను ఎవలు నొక్కారో. మీరు సెప్తే నాకు కొత్తగా తెల్సీదేటుంది." లోపలి వైపు గడ్డం చూపించాడు. "అదిగో, మా పాపకి సెప్పండి. తాగీసి డ్యూటీకెళ్లుంటావు, అందుకే తీసీసారని మా ఆడది పోయేదాకా నన్నే అంది. ఇది కూడా అలగే అనుకుంటంది. పైకి అనదు గాని."

మిషన్ చప్పుడు అప్పటికే ఆగిపోయింది. కూతురు రవణమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. భాస్కరం రెండోసారి మొదలుపెట్టాడు. కొన్ని వందలమందిని నవ్వించిన నోరు ఈసారి నాలుగు వాక్యాలు చెప్పడానికి ఐదారుసార్లు ఆగింది. ఆమె ముఖంలో కోపం వస్తుందేమోనని చూశాడు, రాలేదు. ఆమె తండ్రి వైపు చూస్తోంది. ముసలాయన తల ఎత్తడం లేదు.

"మీరింత చదువుకున్నారు. నోటితో అయితే ఎన్ని రకాలుగానైనా చెప్పగలరు. కాగితం మీద రాయండి" అంది.

లెక్కల పుస్తకంలోంచి కాగితం చింపి ఇచ్చింది, జాకెట్ల మీద గుర్తులు పెట్టుకునే పెన్ను ఇచ్చింది. భాస్కరం అరుగు మీద చతికిలబడి రాశాడు. కుళాయి కట్టింది నేను. ఆపమన్నది సూరప్పడు గారు. ఆపనన్నది నేను. ఆపింది సూరప్పడు గారు. అబద్ధం రాసి సంతకం పెట్టింది నేను. అడుగున పేరు రాసి, హోదా రాసి, తేదీ వేసి సంతకం పెట్టాడు. రవణమ్మ తీసుకుని గట్టిగా చదివింది, తండ్రికి కాస్త చెవుడు. 'సూరప్పడు గారు' అన్నచోట ఆగి, తండ్రి వైపు చూసి, ఆ మాట మళ్లీ చదివింది. చదవడం అయ్యాక కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుని, వెళ్లి తండ్రి పక్కన కూర్చుంది.  ఆ కాలిపోయిన చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది.

మంచినీళ్లు ఇవ్వలేదు. కూర్చోమనలేదు. భాస్కరం లేచి చెప్పులు వేసుకున్నాడు. పట్టీ సంగతి చెప్పకుండా వెళ్లడం సరికాదనిపించి, పన్నెండు మంది పిల్లలు ఏమీ ఎరగకుండా తన సిగ్గు మోస్తున్నారని మాత్రం చెప్పాడు. సూరప్పడు మొదటిసారి పని ఆపి చూశాడు. ఆ పిల్లలు ఎంతెంత వయసు గుంటలని అడిగాడు. ఇరవై రెండు, ఇరవై మూడు అన్నాడు భాస్కరం. వాళ్లకి ఆ చప్పుడు వినబడుతోందా అని అడిగాడు. వినబడుతోందన్నాడు.

రోడ్డెక్కుతుంటే వెనక నుంచి పిలిచాడు.

"బాబూ, మీరు మళ్లీ రావొద్దు. ఆ గుంటల్ని పంపండి."

మర్నాడు అవే ఐదు వాక్యాలు మళ్లీ రాసి భాస్కరం ఎం.డి. గారి బల్ల మీద పెట్టాడు. ముప్పై ఏళ్ల నాటి మాట, ఇప్పుడెవరు అడిగారు, చింపేయండి అన్నారు ఆయన. ఫైలులో పెట్టమన్నాడు భాస్కరం. పెట్టాక కంపెనీ చేయాల్సింది చేసింది. చీఫ్ ఇంజినీరు పదవి పోయింది, మిగిలిన నాలుగేళ్ల సర్వీసుకు విడిభాగాల స్టోర్సు చూడమన్నారు. సూరప్పడి రికార్డులో తప్పు అతనిదేనని ఎర్ర సిరాతో ఉన్న మాట కొట్టేశారు. కమలకు ఆయనే చెప్పాడు. ఆమె ఆ కథ మళ్లీ ఎత్తలేదు. ఇంట్లో ఎవరైనా టీ ఊదుకుంటూ తాగితే ఇద్దరూ వేరే దిక్కు చూసేవారు.

నస్రీన్ ఆ జ్ఞాపకాన్ని తుడిచేయలేదు. పట్టీ కట్టేముందు అది ఎవరిదో, అందులో ఏం జరిగిందో కట్టుకునేవాళ్లకు చదివి వినిపించాలని నియమం పెట్టింది. పన్నెండు మందీ భాస్కరం రాసిన కాగితం చదివారు. తొమ్మిది మందికి ఆ వారంలోనే చెయ్యి సాగింది. ఇద్దరు ఉద్యోగం మానేసి వెళ్లిపోయారు. ఒకడు ఇప్పటికీ సంతకం పెట్టేముందు కాగితం రెండుసార్లు చదివి, మూడోసారి ఎదుటివాళ్ల చేత చదివించుకుంటాడు. దాన్ని జబ్బు అనాలో పనితనం అనాలో నస్రీన్‌కు తేలలేదు.

శనివారాలు కంపెనీ బస్సు కొత్తవాళ్లను ఎక్కించుకుని చోడవరం వెళ్లడం మొదలైంది. భాస్కరం ఎక్కలేదు. సాయంత్రం వాళ్లు తిరిగొచ్చి దిగేటప్పుడు స్టోర్సు కిటికీలోంచి మాటలు వినబడేవి, అప్పుడప్పుడు నవ్వులు కూడా. ఆయన తల బయటపెట్టేవాడు కాదు.

సెప్టెంబరులో ఒక సోమవారం నీరజ చీటీ పట్టుకుని స్టోర్సుకి వచ్చింది. రెండు బేరింగులు కావాలి. చీటీ అడుగున ఆమె సంతకం ఉంది, కొంచెం వంకరగా. భాస్కరం చీటీ తీసుకుని, చాలా రోజులుగా ఆపుకున్నది అడిగేశాడు. ఆయన నా గురించి ఏమైనా అంటుంటాడా అని.

"లేదు సర్."

"మీరెవరూ అడగలేదా?"

"మొదటి వారమే అడిగాం సర్. బేరింగు గురించి అడగండి అన్నారు."

భాస్కరం తలూపాడు. చీటీ మీది నంబరు ఇంకోసారి చదువుకుని, బేరింగులు తేవడానికి లోపలి అరల వైపు నడిచాడు.